పెట్టె వినని మాట

మా ఇంట్లో "వెళ్తున్నా" అనడం నేరం. చెంబు పట్టుకుని వీధి చివర కుళాయి దాకా వెళ్ళాలన్నా "వెళ్ళొస్తా" అని చెప్పి కదలాల్సిందే. వచ్చే సంగతి ముందుగా చెప్పని మనిషి వస్తుందన్న నమ్మకమేమిటని అమ్మమ్మ వాదన. నాకేమో ఆమెను ఉడికించడం సరదా. గడప మీద నిలబడి "పోతున్నా" అని అరిచి పరుగు లంకించుకునేదాన్ని. ఆ వయసులో ఆమెకు అంత వేగం ఎక్కడిదో గాని, కుళాయికి చేరేలోపే నా కుడి చెవి ఆమె వేళ్ళ మధ్య ఉండేది. మళ్ళీ ఇంటిదాకా నడిపించి, గడప మీద నిలబెట్టి, సరైన మాట అనిపించి, "వెళ్ళిరా" అని తను బదులిచ్చాకే వదిలేది. నా కుడి చెవి ఎడమదానికంటే కాస్త పొడుగు. నవ్వేవాళ్ళు కొలిచి చూసుకోవచ్చు.

మా అక్క మాత్రం బుద్ధిమంతురాలు. పక్క గదిలోకి వెళ్తూ కూడా "వెళ్ళొస్తా" అనేది. అలాంటి అక్క ఉండడం ఏ చెల్లెలికైనా శిక్షే.

అమ్మా నాన్నా నేను నడక నేర్చేలోపే జ్వరాలతో పోయారు. మేం ముగ్గురం కుట్టు హాలు వెనక గదిలో ఉండేవాళ్ళం. ఆనకట్ట పనివాళ్ళు వేసుకునే నీలం చొక్కాలు ఆ హాల్లోనే తయారయ్యేవి. కత్తిరించేవాళ్ళు వేరు, మిషన్ల మీద కుట్టేవాళ్ళు వేరు. కాజాలు మాత్రం మా వంతు. గుండీ దూరే ఆ చిన్న చీలిక చుట్టూ చేత్తో దారం చుట్టుకుంటూ రావాలి. వదులైతే గుండీ జారిపోతుంది, బిగువైతే దూరదు. అక్క కుట్టిన కాజా చూడముచ్చటగా ఉండేది. నాది చూసి అమ్మమ్మ, ఇందులోంచి పిల్లి కూడా దూరుతుందే పిడుగా, అనేది. పిడుగు నా ముద్దుపేరు. ఇస్త్రీ ఆవిరి, మిషన్ నూనె వాసన, కిటికీ వెలుగులో తేలే నూలు దుమ్ము, పని ఆపకుండా అమ్మమ్మ చెప్పే పాత కబుర్లు. రోజుకు ఒక్క బిందె నీళ్ళతో గడిపిన రోజులే అవి. అయినా ఆ గది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు నిండుతుంది.

ఆ బిందె సంగతి చెప్పాలి. వానలు మొహం చాటేశాక నది మొత్తం వంతెన అవతలి ఆనకట్టలో ఆగిపోయింది. ఆనకట్ట ఎవరి చేతిలో ఉంటే ఊరు వాళ్ళ చేతిలో ఉన్నట్టే. వాళ్ళను మేం పైవాళ్ళు అనేవాళ్ళం. ఏటా కొన్ని వీధులకు వంతు వచ్చేది. వంతు వచ్చిన వీధిలో ప్రతి ఇంటి నుంచీ పదిహేనేళ్ళు దాటిన బిడ్డ ఒకరు ఆనకట్ట పనికి వెళ్ళాలి. వెళ్ళినవాళ్ళు తిరిగి రావడం ఉండదు. పంపని ఇంటికి బిందె ఉండదు.

పైవాళ్ళు తెలివైనవాళ్ళు. చేతులు కట్టి లాక్కెళ్తే జనం తిరగబడతారని వాళ్ళకు తెలుసు. అందుకే వంతెన గేటు పక్కన ఒక ఇనప పెట్టె పెట్టారు. వెళ్ళే పిల్ల దాని ముందున్న పలక ఎక్కి, "నా ఇష్టంతో వెళ్తున్నాను" అని తన నోటితో చెప్పాలి. మాట సరిగ్గా పడితే పచ్చదీపం వెలిగి గేటు తెరుచుకుంటుంది. రావడం అన్న ముక్క ఏ రూపంలో వినబడినా ఎర్రదీపమే. మెడ మీద కత్తి పెట్టి ఇష్టమేనా అని అడిగేవాళ్ళు లోకంలో చాలామందే ఉంటారు. దానికి దీపాలు కూడా అమర్చినవాళ్ళను మాత్రం అక్కడే చూశాను.

మా వీధి వంతు వచ్చింది. పెద్దది కాబట్టి అక్కను పిలిచారు. గేటు దగ్గర ఉద్యోగం మా వీధివాడిదే, మేం బాబాయి అని పిలిచే మనిషి. వీధంతా గేటుకు కాస్త దూరంగా కట్టిన తాడుకు ఇవతల నిలబడి చూస్తోంది. అక్క పలక ఎక్కి, "నా ఇష్టంతో వెళ్ళొస్తాను" అంది.

ఎర్రదీపం వెలిగింది. బాబాయి మళ్ళీ చెప్పమన్నాడు. అక్క గొంతు సవరించుకుని మళ్ళీ అదే అంది. కావాలని కాదు. మాటలు వచ్చినప్పటి నుంచీ ఆ మాటను తోక లేకుండా పలికి ఎరగదు. బాబాయి దగ్గరికి వచ్చి, "ఆ చివరి ముక్క మింగెయ్యమ్మా" అని బతిమాలాడు. అక్క నీళ్ళు నమిలింది. నీళ్ళకు కరువైన వీధిలో నమలడానికి మాత్రం ఎప్పుడూ కొదవ లేదు. చివరికి ఆమెను ఇంటికి పంపేసి మా బిందె ఆపేశారు. ఇంట్లోంచి ఎవరో ఒకరు వచ్చి ఆ మాట అనేదాకా అంతే.

అక్క గోడవైపు తిరిగి సాధన మొదలుపెట్టింది. సగం దాకా వచ్చేది, ఆగి అమ్మమ్మ వైపు చూసేది, తోక దానంతటదే వచ్చి అతుక్కునేది. పక్కింటివాళ్ళు కాపలావాళ్ళ కళ్ళుగప్పి గ్లాసెడు నీళ్ళు ఇస్తే ముగ్గురం పెదాలు తడుపుకునేవాళ్ళం. అమ్మమ్మ నాలుక పిడచకట్టుకుపోయింది. నోరు మంచిదైతే ఊరు మంచిదని నేర్పాను, ఆ మంచి నోరే పిల్లకు ఉరితాడైందని తనను తాను తిట్టుకునేది. ఆమె ఒక్కసారి "పర్లేదు, అనెయ్" అంటే అక్క అనేసేది. అమ్మమ్మ అనలేకపోయింది. అన్నాక అక్క నిజంగానే రాదని ఆమె భయం.

నాకూ పదిహేను దాటాయి. ఆ మాట నాకు కష్టమేమీ కాదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర నుంచీ అదే అరుస్తూ తిరిగినదాన్ని. అమ్మమ్మ మంచం మీంచి లేవలేని రోజు వచ్చింది. కుడుతున్న చొక్కాకే సూది గుచ్చి లేచాను. ఎక్కడికని అక్క అడిగింది. ఏమీ చెప్పకుండా గడప దాటాను. ఎవరూ వచ్చి చెవి పట్టుకోలేదు. పట్టుకుంటే బాగుండునని నా జన్మలో అదే మొదటిసారి అనుకోవడం.

పలక ఎక్కాను. "నా ఇష్టంతో వెళ్తున్నాను" అన్నాను. పచ్చదీపం వెలిగింది. గేటు కిర్రుమంటూ తెరుచుకుంది. వెనక్కి చూస్తే తాడు దగ్గర అమ్మమ్మ ఉంది. అక్క భుజం మీద మొత్తం బరువు వేసి ఎలా వచ్చిందో వచ్చింది. ఎండిపోయిన గొంతుతో, నన్ను కుళాయికి పంపుతున్నట్టే అంది.

"వెళ్ళిరా."

పెట్టె, పలక మీద ఉన్న మనిషి మాటే వింటుంది. బాబాయి మాత్రం విన్నాడు. విని, తల దించుకుని తన బూట్లు చూసుకున్నాడు.

అవతల సొరంగాల్లో పూడిక తీసే పని ఇచ్చారు. మొదటి రోజు నీలం చొక్కా చేతికిస్తే కాజాలు తడిమి చూశాను. సమంగా, బిగువుగా ఉన్నాయి. అక్క చేతివే. చొక్కా మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. అక్కడి గోడల నిండా పైవాళ్ళ ఆజ్ఞలు రాసి ఉండేవి. వీలైనన్ని ఎగ్గొట్టాను. మనసారా పాటించాలనుకున్నది అమ్మమ్మ ఆజ్ఞ ఒక్కటే. పిల్లలు మాటా పలుకూ లేకుండా సొరంగంలోకి దిగేవాళ్ళు, మట్టి కూలి కొందరు పైకి వచ్చేవాళ్ళు కాదు. చూసి చూసి నాకు ఒళ్ళు మండింది. దిగేవాళ్ళను చెవి పట్టుకుని ఆపి, "వెళ్ళొస్తా" అనిపించి, "వెళ్ళిరా" అని పంపడం మొదలుపెట్టాను. మొదట నవ్వారు. తర్వాత అనకుండా ఎవరూ దిగేవాళ్ళు కాదు. మాటకు మట్టి ఆగుతుందని కాదు. వస్తానన్నవాళ్ళు రాకపోతే వెతకడానికి మేం దిగేవాళ్ళం. బతికినవాళ్ళలో చాలామంది అలా బతికారు.

ఏళ్ళు గడిచాయి. పైవాళ్ళు తమలో తాము కొట్టుకుని, చివరికి ఆజ్ఞలిచ్చే నోరే లేకుండా పోయింది. మేం తూములెత్తి నీళ్ళు వదిలి, ఆ నీళ్ళ వెంబడే నడిచి వచ్చాం. వంతెన గేటుకు తలుపుల్లేవు. పెట్టె మీద ఎవరో తడిబట్టలు ఆరేశారు. పక్కన కూర్చున్న ముసలాయన నన్ను గుర్తుపట్టి లేచాడు. బాబాయే. అమ్మమ్మ పోయి చాలా కాలమైందని చెప్పాడు. పోయేదాకా తలుపు గడియ వెయ్యనివ్వలేదట. అడిగినవాళ్ళకు, పిడుగు కుళాయి దగ్గరికి వెళ్ళింది, వచ్చేస్తుంది అని చెప్పేదట.

కుట్టు హాలు వెనక గది తలుపు ఇంకా తీసే ఉంది. అక్క జుట్టు నెరిసింది. కిటికీ దగ్గర కూర్చుని కాజా కుడుతోంది. నన్ను చూసి, సూది చొక్కాకు గుచ్చి లేచింది. కౌగిలించుకుంటుందనుకున్నాను. దగ్గరికి వచ్చి నా కుడి చెవి పట్టుకుంది. ఆ పట్టు అచ్చం అమ్మమ్మదే. అలాగే నడిపించి గడప మీద నిలబెట్టింది.

"ఆ రోజు చెప్పకుండా వెళ్ళావు. ఇప్పుడు చెప్పు" అంది.

ఈసారి నీళ్ళు నమలడం నా వంతైంది. చివరికి ఎలాగో "వెళ్ళొస్తా" అన్నాను.

"వెళ్ళిరా" అని, అక్క నన్ను లోపలికి లాగింది.