ఇంకో అర చుట్టు

నాకు బిగించే జబ్బు ఉంది. నేను కట్టేసిన కుళాయిని విప్పాలంటే తర్వాత వచ్చినవాళ్ళు రెండు చేతులూ వాడాలి. నేను సీసాకు మూత పెట్టానంటే లోపలున్నదాని మీద ఇంట్లోవాళ్ళు ఆశ వదులుకోవలసిందే. అందుకే మా ఆవిడ కాఫీపొడి సీసాను నా కంటపడకుండా బియ్యం డబ్బా వెనక దాచుకుంటుంది. ఈ లోకంలో నేను బిగించలేనిది నా నోరొక్కటేనని ఆవిడ అభిప్రాయం. పెళ్ళైన కొత్తలో ఆ మాట నవ్వుతూ అనేది. ఇప్పుడు నవ్వడం మానేసి అంటోంది.

లాంచీ నడిపే నన్ను రేవులో బిగింపు సరంగు అంటారు. వెనకాల అనుకుంటున్నామని వాళ్ళు అనుకుంటారు గానీ నాకు వినపడుతూనే ఉంటుంది. చెవులు బాగానే ఉన్నాయి, పాడైంది కళ్ళే. మా లాంచీ ఈ రేవు నుంచి ఎదుటి దీవికి రోజూ జనాన్ని చేరవేస్తుంది. ఈ ఏడాది కళ్ళ డాక్టరు గోడమీది అక్షరాలు చదవమంటే నేను గోడే ఎక్కడుందని అడిగినంత పని చేశాను. నా లైసెన్సు అక్కడితో సరి. ఇక లాంచీ నడవాలంటే మా అమ్మాయి సరంగు పరీక్ష పాసవ్వాలి. చదువు అయిపోయిన దగ్గర్నుంచి నాతోపాటు లాంచీ మీదే పని చేస్తోంది, నాకంటే బాగా నడుపుతుంది. ఈసారి తప్పిందంటే మళ్ళీ పరీక్ష వచ్చే ఏడాదే. అన్నాళ్ళు కట్టేసిన లాంచీతో ఇల్లు గడవదు, అమ్ముకోవాల్సిందే. పక్క రేవు ఆసామి అప్పుడే రెండుసార్లు వచ్చి, లాంచీ చుట్టూ తిరిగి, చెక్కను వేళ్ళతో కొట్టి చూసి వెళ్ళాడు.

పరీక్షలో అన్నిటికన్నా కష్టమైంది లంగరు. లాంచీ ముందు భాగంలో లంగరు గొలుసును చుట్టే యంత్రం ఒకటి ఉంటుంది, విండ్‌లాస్ అంటారు. బటన్ నొక్కితే మోటారు తిరిగి గొలుసు మెల్లగా దిగుతుంది, మెల్లగా ఎక్కుతుంది. కానీ ఇంజనూ కరెంటూ పోయి, గాలి లాంచీని రాళ్ళ మీదికి తోస్తున్నప్పుడు ఆ బటన్ ఎందుకూ కొరగాదు. అప్పుడు హ్యాండిల్ పెట్టి క్లచ్ నట్టు వదులు చేయాలి. నట్టు వదులైతే గొలుసు చక్రం మోటారు పట్టులోంచి బయటపడుతుంది, లంగరు తన బరువుతో తానే నీళ్ళలోకి దూకుతుంది. తర్వాత నట్టు బిగిస్తూ వస్తే గొలుసు ఆగుతుంది. అంతే పని.

ఆ అంతే పనిని నేను ఇన్నేళ్ళలో ఒక్కసారీ చేయలేదు. ఎప్పుడూ బటనే. వదిలేస్తే గొలుసు మొత్తం పోతుందేమోనని నా భయం. బయటికి మాత్రం, "లంగరును దబ్బున పడేయకూడదు, నీళ్ళకు మర్యాద ఇవ్వాలి" అని చెప్పుకునేవాణ్ణి. పాపం, చాలామంది నమ్మారు.

మా అమ్మాయి నమ్మలేదు. పరీక్ష ముందురోజు సాయంత్రం తనే క్లచ్ విప్పి, తుడిచి, బిగించి, లంగరు వదిలి చూసుకుంది. ఇంటికొచ్చి, "నట్టు తేలిగ్గా తిరుగుతోంది నాన్నా. దాన్ని మాత్రం నువ్వు ముట్టుకోకు" అంది.

"నాకేం పని?" అన్నాను, రోషంగా.

పొద్దున్నే తను పరీక్ష పెట్టే ఇన్‌స్పెక్టరును తీసుకురావడానికి వెళ్ళింది. నేను సీట్లు తుడుద్దామని లాంచీ ఎక్కాను. సీట్లు తుడిచాను. తర్వాత ముందుకెళ్ళి విండ్‌లాస్‌ను చూశాను. ఊరికే చూశాను. హ్యాండిల్ పెట్టి కదిపితే నట్టు చిటికెన వేలితో తిరిగేంత తేలిగ్గా ఉంది. దారిలో గొలుసు జారిపోతే? అమ్మాయి పరువేం కాను? కొంచెం బిగించాను. ఆగింది. ఇంకో అర చుట్టు తిప్పాను. మళ్ళీ ఆగింది. చేత్తో వచ్చే బిగువు మీద నాకెప్పుడూ నమ్మకం లేదు, అందుకని హ్యాండిల్ మీద కాలేసి ఒక్క తొక్కు తొక్కాను. అప్పుడు మనసు కుదుటపడింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ కాలు నరుక్కోవాలనిపిస్తుంది.

ఇన్‌స్పెక్టరు సన్నగా, పొదుపుగా మాట్లాడే మనిషి. లైఫ్ జాకెట్ పట్టీలన్నీ పెట్టుకున్నాడు, చివరి పట్టీతో సహా. మనిషి నాకు నచ్చాడు. నేను మాత్రం ఆయనకు నచ్చినట్టు లేదు.

"మీరు ఆ వెనక సీట్లో కూర్చోండి. దేనిమీదైనా చెయ్యి వేశారంటే పరీక్ష అక్కడితో ఆపేస్తాను" అన్నాడు.

నేను చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. పక్కన మా ఆవిడ ఇచ్చిన కాఫీ ఫ్లాస్కు. ఇన్‌స్పెక్టరు కోసమని మంచి పొడి వేసి కాచింది. మూత తనే పెట్టి, ఇంటి గుమ్మం దాకా తనే మోసి, అమ్మాయి చేతికిచ్చింది. నాకివ్వలేదు.

అమ్మాయి లాంచీ తిప్పడం, దీవి రేవులో ఆనించడం, వెనక్కి తీయడం అన్నీ చక్కగా చేసింది. ఇన్‌స్పెక్టరు ఒక్కొక్కదానికీ తలాడించాడు. రాళ్ళ గట్టుకు ఎదురుగా వచ్చాక చెయ్యెత్తి ఆపమన్నాడు.

"ఇంజను ఆపెయ్యి. కరెంటు పోయిందనుకో. గాలి నిన్ను ఆ రాళ్ళ వైపు తోస్తోంది. అదిగో, నీళ్ళమీద ఎర్ర పీపా. అది దాటేలోపు లంగరు పడి లాంచీ నిలబడాలి. దాటితే ఫెయిల్."

అమ్మాయి ముందుకు వెళ్ళింది. హ్యాండిల్ పెట్టింది. తోసింది. హ్యాండిల్ కదల్లేదు. మళ్ళీ తోసింది. తన భుజం చూస్తేనే నాకు సంగతి అర్థమైపోయింది. పై ప్రాణాలు పైనే పోయాయి.

ఇన్‌స్పెక్టరు నన్ను చూసి, "ఏమండీ, మీకు నీళ్ళమీద ప్రయాణం పడదా?" అని అడిగాడు.

అమ్మాయి ఒక్కసారి వెనక్కి తిరిగి నా కళ్ళల్లోకి చూసింది. కోపంగా చూసినా బాగుండేది. బిగుసుకుపోయిన సీసా చేత్తో పట్టుకుని వాళ్ళమ్మ నన్ను చూస్తుందే, అచ్చం ఆ చూపు. లాంచీ పక్కవాటుగా కొట్టుకుపోతోంది. నా కళ్ళకు సైతం ఎర్ర పీపా కనపడటం మొదలైంది. లేచి ఒక్క తొక్కు తొక్కితే నట్టు వదులవుతుంది, పరీక్ష పోతుంది. లేవకపోతే లాంచీయే పోతుంది. ఇన్నాళ్ళూ అన్నిట్లో దూరిన నా చేతుల మీద నేనే కూర్చుని, నా కొంప నేనే ఎలా ముంచుకున్నానో చూస్తున్నాను.

"సార్, నాన్న ఆ ఫ్లాస్కు అందించొచ్చా?" అంది అమ్మాయి.

"కాఫీ తాగే టైమా ఇది?"

"తాగడానికి కాదు సార్."

ఇన్‌స్పెక్టరు తనే అందించాడు. అమ్మాయి మూత తీసి, పొగలు కక్కే కాఫీని ఆ నట్టు చుట్టూ మెల్లగా పోసింది. కమ్మటి వాసన లాంచీ అంతా కమ్ముకుంది. తనకోసం తెచ్చిన కాఫీ ఇనుము తాగేస్తుంటే ఆయన గుటక మింగడం నేను చూశాను. తర్వాత అమ్మాయి కొయ్య సుత్తి తీసుకుని నట్టు అంచు మీద చుట్టూ కొట్టింది. గట్టిగా కాదు. టక్, టక్, టక్. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. మా వంటింట్లో నేను పెట్టిన మూత మీద మొదట వేణ్ణీళ్ళు పోసి, గరిటె కాడతో మా ఆవిడ కొట్టే చప్పుడు అదే. పిల్ల చిన్నప్పట్నుంచీ పక్కన నిలబడి చూస్తూనే ఉంది.

హ్యాండిల్ తోసింది. నట్టు కిర్రుమంది, తిరిగింది. కానీ చక్రం కదల్లేదు. నా తొక్కుడుకు క్లచ్ లోపల రెండు ముక్కలూ ఒకదాన్నొకటి కరుచుకుపోయాయి. ఎర్ర పీపా బాగా దగ్గరికి వచ్చేసింది. అమ్మాయి తొందరపడలేదు. సుత్తితో చక్రం పక్కన ఒక దెబ్బ, ఇటువైపు ఇంకో దెబ్బ వేసింది.

గొలుసు గడగడమంటూ దూకింది. లాంచీ అంతా అదిరింది. ఇన్నేళ్ళుగా నాదని చెప్పుకుంటున్న లాంచీలో ఆ చప్పుడు నేను వినడం అదే మొదటిసారి. గొలుసు మొత్తం పోతుందని కళ్ళు మూసుకున్నాను. పోలేదు. అమ్మాయి ఒంటిచేత్తో నట్టును కొంచెం కొంచెంగా బిగిస్తూ వచ్చింది, గొలుసు నెమ్మదించింది, ఆగింది. లాంచీ ముక్కు గాలికి ఎదురు తిరిగి నిలబడింది. పీపాను ఇంకా దాటలేదు.

ఇన్‌స్పెక్టరు వంగి గొలుసు మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు చూశాడు. "పట్టింది" అన్నాడు. తర్వాత చెయ్యి తుడుచుకుంటూ, "క్లచ్ అంతలా బిగుసుకుపోయిందేం?" అని అడిగాడు.

"నిన్న సాయంత్రం వదులుగానే ఉంది సార్."

"ఈ పొద్దున చూశావా?"

"లేదు సార్."

"తప్పు."

"తప్పే సార్" అంది అమ్మాయి. నా వైపు చూడను కూడా లేదు.

నోరు బిగించలేనివాడినని పేరు పడ్డ నాకు ఆ క్షణాన నోరు పెగల్లేదు. నేను పుట్టి బుద్ధెరిగాక బిగించినవాటిలో అంత గట్టిగా బిగుసుకున్నది ఇంకోటి లేదు.

"నేనే బిగించానండీ," అన్నాను చివరికి. "పొద్దున. కాలేసి."

"కాలేసి?"

"అవునండీ."

"ఎందుకు?"

"భద్రంగా ఉంటుందని."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "మీరు సరంగుగా చాలా ఏళ్ళు చేశారట కదా?"

"అవునండీ."

"చాలు" అన్నాడు. అమ్మాయి వైపు తిరిగి, "నువ్వు పాసయ్యావమ్మా. క్లచ్‌ను మంచినీళ్ళతో కడిగి గ్రీజు పెట్టు, కాఫీ జిగటగా ఉంటుంది. ఇకమీదట బయల్దేరే ముందు ప్రతిదీ నీ చేత్తో నువ్వే చూసుకో. ఎవరు మధ్యలో చెయ్యి పెట్టినా ఊరుకోకు" అన్నాడు. 'ఎవరు' అన్నప్పుడు ఎవర్ని చూశాడో చెప్పక్కర్లేదు.

ఇంటికెళ్ళాక మా ఆవిడ ఖాళీ ఫ్లాస్కు ఊపి చూసి మురిసిపోయింది. "మొత్తం తాగేశారా? అంత నచ్చిందా?"

"విండ్‌లాస్‌కు నచ్చిందమ్మా" అంది అమ్మాయి.

సంగతంతా విని మా ఆవిడ కూలబడి నవ్వింది. కళ్ళు తుడుచుకుని నా దగ్గరకొచ్చి, "భయమేస్తోందని నోటితో చెప్తే సరిపోయేదిగా. మిగతావన్నీ చెప్తారు" అంది. నిజంగానే భయమేసింది. ఇప్పటికీ వేస్తోంది.

మర్నాడు అమ్మాయి సరంగుగా మొదటి ట్రిప్పు. నేనూ వస్తానన్నాను.

"వద్దు నాన్నా. నువ్వు పక్కనుంటే నేను నిన్నే చూస్తుంటాను. రేవులో ఉండి మోకు విప్పు చాలు" అంది.

సరేనన్నాను. జనం ఎక్కారు. ఇంజను మొదలైంది. నేను గుంజ దగ్గరికెళ్ళి ముడి మీద చెయ్యి వేశాను. ముందురోజు సాయంత్రం ఆ సంబరంలో మోకు కట్టింది నేనే. ముడి రాలేదు. గోళ్ళతో లాగాను. పళ్ళతో పట్టుకున్నాను. లాంచీ ఎక్కిన జనమంతా ఒకవైపుకు చేరి నన్ను చూడసాగారు. ఎవరో "బిగింపు సరంగు" అన్నారు, ఈసారి వెనకాల కాదు, ఎదురుగానే.

స్టీరింగు దగ్గర్నుంచి మా అమ్మాయి తల బయటపెట్టి అరిచింది. "నాన్నా! ఫ్లాస్కు పంపనా?"

లాంచీ అంతా గొల్లుమంది. నాకూ నవ్వొచ్చింది, ఆ నవ్వుతోపాటే ఏడుపూ వచ్చింది. కళ్ళు సరిగా కనపడని మనిషికి నీళ్ళు కూడా నిండితే ఇక ముడి ఏం కనపడుతుంది? వేళ్ళతో తడుముకుంటూ ఒక్కొక్క పేటా వదులు చేశాను. చివరికి వచ్చింది. మోకు కొస లాంచీలోకి విసిరేశాను.

లాంచీ రేవును వదిలి మెల్లగా తిరిగింది. ఒక్కసారి వెనక్కి చూస్తుందేమోనని చెయ్యెత్తి పట్టుకుని నిలబడ్డాను. చూడలేదు. రేవు వదిలాక సరంగు వెనక్కి తిరగకూడదు, కళ్ళు ముందున్న నీళ్ళ మీదే ఉండాలి. తనకు అది నేర్పింది నేనే. ఆ ఒక్క పాఠమైనా కాస్త వదులుగా నేర్పి ఉండాల్సింది.