కళ్ళు మూసుకున్న సాక్షి

సంఘపెద్ద మేంగ్ గారికి ప్రార్థనంటే పళ్ళు తోముకోవడం లాంటిది. పొద్దున్నే కానిచ్చేసి, నోరు శుభ్రపడిందనుకుని, ఇక రోజంతా ఆ నోటితో ఏ చెత్తయినా మాట్లాడేవాడు. ఇంచన్ రేవుపట్నంలో మా నూలుమిల్లు పేట చర్చికి ఆయనో పియానో ఇచ్చాడు. దాని మీద తన పేరు ఎంత పెద్దగా చెక్కించాడంటే, కొత్తగా వచ్చినవాళ్ళు అది చర్చి పేరనుకునేవాళ్ళు. నేను ఆ చర్చి పొయ్యికి బొగ్గుబిళ్ళలు మోసేవాణ్ణి. ఆదివారం చెప్పుల దగ్గర కూర్చునేవాణ్ణి. అక్కణ్ణుంచి అందరి మడమలూ కనబడతాయి. మనిషిని తెలుసుకోవాలంటే మొహం కన్నా అవే నయం.

ప్రెసిడెంటు రాజ్యాంగాన్ని తన నడుం కొలతకి కుట్టించుకున్న రోజులవి. అది బాగాలేదన్నవాణ్ణి జైల్లో వేయమని ఉత్తర్వు కూడా తెచ్చాడు. మా చర్చి పాటల బృందంలో మల్సున్ అనే మిల్లు పిల్ల ఉండేది. యూనియన్ కావాలందని పోలీసులు తీసుకుపోయారు. అప్పట్నుంచీ పాస్టర్ బాన్ గారు ప్రతి ఆదివారం ప్రార్థనలో ఆ పిల్ల పేరెత్తేవాడు. "మల్సున్‌ని విడిపించు. ఆమెని జైల్లో పెట్టినవాణ్ణి ఆ కుర్చీలోంచి దించు. దించాక అతణ్ణి కూడా క్షమించు." అతడంటే ఎవడో అనుకుంటారేమోనని ప్రెసిడెంటు పేరు కూడా చెప్పేవాడు.

అయినా ఆయన్నెవరూ ముట్టుకోలేదు. ఎందుకంటే మా ప్రార్థన ఒకరి తర్వాత ఒకరు చేసేది కాదు. మూడుసార్లు "ప్రభువా" అని అరిచి, అందరూ ఒక్కసారే మొదలెడతారు. ఒకరిది ఇంటద్దె, ఒకరిది మొలల బాధ, ఒకరిది అల్లుడి తాగుడు. రేవులో చేపల వేలం నయం. ఆ గోలలో పాస్టరు మాట వెతకడానికి తాక్ అనే మఫ్టీ పోలీసుని పెట్టారు. వచ్చి నా పక్కనే కూర్చునేవాడు.

"ఏమయ్యా, మీ దేవుడికి చెవుడా?" అని అడిగాడొకసారి.

"మీకు లేదా సార్?"

"ఆదివారం మాత్రం ఉంటుంది."

'గోల వల్ల వినబడలేదు' అని రాసుకుని, చర్చిలో పెట్టే నూడిల్స్ రెండు గిన్నెలు లాగించి వెళ్ళేవాడు.

మేంగ్ గారిది మాత్రం మిల్లుకి యూనిఫాం గుడ్డ సరఫరా చేసే వ్యాపారం. అది పోతుందేమోనని ఆయనకి నిద్ర పట్టలేదు. ఒకరోజు పాస్టరు గదికి వచ్చాడు. నేను పొయ్యిలో బిళ్ళ మారుస్తున్నాను. నన్ను పొయ్యిలో భాగమనుకున్నాడేమో, దాచకుండానే మాట్లాడాడు.

"పాస్టరుగారూ, 'కష్టాల్లో ఉన్నవారందరినీ' అంటే దేవుడికి అర్థం కాదా? మళ్ళీ పేరెందుకు?"

"మీ పియానో మీద పేరెందుకండీ పెద్దగారూ? ఎవరో ఇచ్చారని రాయిస్తే దేవుడికి అర్థం కాదా?"

మేంగ్ గారు దగ్గాడు. "మీ మంచికే చెబుతున్నాను. ఇంట్లో పసివాళ్ళున్నారు మీకు."

"ఉన్నారు. తెలిసినవాళ్ళని తెలియనట్టు నటించొద్దని రోజూ వాళ్ళకి చెబుతున్నాను. ఇప్పుడు మాట మార్చానంటే నవ్వుతారు."

పాస్టరు లొంగకపోయేసరికి పెద్దలంతా కూర్చుని తీర్మానం చేశారు. ఇకనుంచి ఆరాధనలో గోల కూడదు, మౌన ప్రార్థనే. అదే మర్యాదట. గోల ఆగిపోతే పాస్టరు నోరు దానంతటదే మూతపడుతుందని మేంగ్ గారి తెలివి. కప్పుకున్న దుప్పటిని తానే లాగేస్తున్నానని ఆ బుర్రకి తట్టలేదు. పోలీసు తాక్‌కి మాత్రం తట్టింది. "ఈ ముసలాడు నా కొంప ముంచుతున్నాడు" అన్నాడు, బూట్లు విప్పుతూ.

ఆ ఆదివారం ఆరాధనకి ముందు నేను పాస్టరుతో అన్నాను: "ఈ పూటకి మనసులో అనుకోండి సార్."

"మనసులో అనుకుంటే దేవుడు వింటాడోయ్. మల్సున్ వాళ్ళమ్మ వినదు" అన్నాడాయన.

మేంగ్ గారు ముందు వరసలో లేచి, "మౌనంగా ప్రార్థిద్దాం" అన్నాడు. పొయ్యి మీద బార్లీ నీళ్ళు కాగుతున్న చప్పుడొక్కటే మిగిలింది. పాస్టరు ఎప్పటి గొంతుతోనే, పెంచకుండా తగ్గించకుండా, ఎప్పటి మాటలే అన్నాడు. మల్సున్ పేరు, ప్రెసిడెంటు పేరు, కుర్చీ, క్షమాపణ, అన్నీ. చివర ఆమేన్ కోసం ఆగాడు. ఒక్క గొంతూ లేవలేదు. వారం వారం పైకప్పు ఎగరగొట్టిన భక్తులు చాపల్లో ఏదో పారేసుకున్నట్టు తలలు దించుకున్నారు.

"వినబడింది" అన్నాడు తాక్, చావు కబురు చెప్పినట్టు.

పాస్టరు నేరుగా అతని దగ్గరకొచ్చాడు. "ముందు నూడిల్స్ తినండి, చల్లారిపోతాయి. తర్వాత వెళదాం." తాక్ తిన్నాడు కూడా. కాకపోతే ఒక గిన్నే.

కేసుకి సాక్షి కావలసి వచ్చింది. పాస్టరుకి అందరికన్నా దగ్గరగా నిలబడి, నిశ్శబ్దం చేయించిన మనిషి కన్నా మంచి సాక్షి ఎవరు? మేంగ్ గారిని బోనెక్కించారు. పేట ఆడవాళ్ళంతా వెనక బెంచీల మీద కూర్చున్నారు.

"ముద్దాయి అన్న మాటలు చెప్పండి" అన్నాడు ప్రభుత్వ వకీలు.

మేంగ్ గారు గోడ మీది ప్రెసిడెంటు పటం వైపు చూశాడు. "తాత్పర్యం చెబుతాను సార్."

"తాత్పర్యం మాకొద్దు. మాటలే చెప్పండి, ఉన్నవి ఉన్నట్టు."

నోరు తెరిచాడు, రాలేదు. నలభై ఏళ్ళుగా కళ్ళు తెరిచి ప్రార్థన చేసి ఎరగడు పాపం. చివరికి చేతులు జోడించి, తల వంచి, కళ్ళు మూసుకున్నాడు. అప్పుడొచ్చింది. మొదట వణికినా, పోనుపోను గొంతు దానంతటదే ఆ పాత రాగమందుకుంది. మల్సున్‌ని విడిపించమన్నాడు. ప్రెసిడెంటుని పేరు పెట్టి మరీ కుర్చీలోంచి దించమన్నాడు. ఆ ఊపులో ఆగలేక, "యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ" అని ముగించాడు.

"ఆమేన్" అన్నారు వెనక బెంచీలవాళ్ళంతా.

మేంగ్ గారూ అన్నాడు. అనేశాకే కళ్ళు తెరిచాడు.

జడ్జి మొహం కందగడ్డయింది. ఆడవాళ్ళని బయటికి తోయమన్నాడు. పాస్టరుకి శిక్ష పడింది, పడకుండా ఎలా ఉంటుంది. తీసుకుపోతుంటే ఆయన బోను దగ్గర ఒక్క క్షణం ఆగి, "పెద్దగారూ, నాకన్నా బాగా చేశారు" అన్నాడు.

కోర్టు మెట్ల మీద మేంగ్ గారు కనబడినవాళ్ళనల్లా పట్టుకుని, "నేను కావాలని అనలేదు, అలవాటుగా వచ్చేసింది" అని చెప్పుకుంటున్నాడు. మల్సున్ వాళ్ళమ్మ తోపులాటలో ఊడిన చెప్పులేసుకుంటూ తల కూడా ఎత్తలేదు.

"తెలుసు లెండి పెద్దగారూ. మనసారా వచ్చుంటే మిమ్మల్నీ లోపలే ఉంచేవాళ్ళు."