తెర మూలన మొహం

వదినకు కోపం వస్తే కుట్టుమిషన్ చప్పుడులోనే తెలిసిపోతుంది. ఆ మధ్యాహ్నం ఆడపడుచు గుమ్మంలో చెప్పులు విడిచేసరికి మిషన్ దడదడలాడుతోంది.

"ఈ కంప్యూటర్ పాడుగాను! నా ఫొటోలన్నీ మింగి కూర్చుందే," అంది వదిన తలెత్తకుండా.

సంగతేమిటంటే, వదిన మొగుడు సరుకుల ఓడ మీద కరెంటు పనివాడు. నడిసముద్రంలో నెట్ దొరికినప్పుడల్లా ఓడలోని కంప్యూటర్ ముందు కూర్చుని వీడియోలో పలకరిస్తాడు. అప్పుడల్లా ఈవిడ మాటల మధ్యలో గుట్టుగా ప్రింట్ స్క్రీన్ కీ నొక్కుతూ వచ్చింది. అది నొక్కితే తెర మీదున్నది ఉన్నట్టు ఫొటో అయిపోతుందని నేర్పింది ఈ ఆడపడుచే. ఆ ఫొటో ఎక్కడికి పోతుందో మాత్రం చెప్పలేదు. ఈవిడా అడగలేదు. మాట్లాడే మనిషి ఎదురుగా ఉంటే ఫొటోలు ఎవరు వెతుక్కుంటారు?

ఇప్పుడు అవసరం పడింది. ఓడ నెట్ అందని దారి పట్టింది, మళ్ళీ ఎప్పుడు అందుతుందో ఆయనకే తెలియదు. నిన్న ఎవరిదో చొక్కాకు కాలరు కుడుతుంటే వదినకు మొగుడు గుర్తొచ్చాడు. మెడ గుర్తొచ్చింది, భుజాలు గుర్తొచ్చాయి, మొహం రాలేదు. ఎంత తంటాలు పడ్డా రాలేదు. పెళ్ళినాటి ఫొటో ఉంది గానీ అందులో ఉన్నది ఎవరో బక్కపలచటి కుర్రాడు. పరుగున వెళ్ళి కంప్యూటర్ తెరిచి చూస్తే ఫొటోల ఫోల్డర్ ఖాళీ.

"మా అన్నయ్య మొహానికింత బెంగా? ఆ ముక్కు మర్చిపోదామన్నా నావల్ల కావట్లేదు," అంటూ ఆడపడుచు కుర్చీ లాక్కుంది.

"ముక్కు సంగతి తర్వాత, ముందు వెతుకు తల్లీ."

సెట్టింగుల్లోకి వెళ్ళగానే అసలు సంగతి బయటపడింది. కంప్యూటర్ ఆయనది. అందులో పెట్టిన ఆన్‌లైన్ ఖాతా కూడా ఆయనదే. కీ నొక్కిన ప్రతిసారీ ఫొటో ఇక్కడ ఆగకుండా నేరుగా ఆ ఖాతాలోకి పోయి పడుతోంది.

"అంటే ఇన్నాళ్ళూ ఆయన చూస్తూనే ఉన్నారా?" వదిన చెవులు ఎర్రబడ్డాయి.

"చూడకేం! నీ దొంగతనం మొదటి రోజే బయటపడి ఉంటుంది," అని ఆడపడుచు ఆ ఖాతా తెరిచింది.

ఫొటోలున్నాయి. కానీ ఒక్కదాంట్లోనూ ఆయన లేడు, అన్నిటిలోనూ వదినే. వీడియోలో మాట్లాడేటప్పుడు తెర మూలన చిన్న గడిలో మన మొహం మనకే కనిపిస్తుంది చూడండి, ఆ గడి ఒక్కటీ మిగిల్చి తక్కినదంతా కత్తిరించేశాడు మహానుభావుడు. మెడలో టేపుతో వదిన, పళ్ళతో దారం తెంపుతున్న వదిన, తల వంచి కీ వెతుక్కుంటున్న వదిన.

"మీ అన్నయ్య బుద్ధి మండా! నేను ఆయన మొహం కోసం చస్తుంటే దాన్నే కోసి పారేస్తారా?" అని వదిన బావురుమంది.

ఆడపడుచు ఒక ఫొటో మీద వేలు పెట్టింది. "అక్కడ నువ్వెలా కనిపిస్తావో తెలుసా వదినా? నాకోసారి చెప్పాడు. ఆ నెట్‌కి నీ మొహం అంతా అలుక్కుపోతుందట, కళ్ళెక్కడో నోరెక్కడో తెలియదట. నువ్వు తేటగా కనిపించేది ఇక్కడే, ఈ మూల గడిలోనే. దీనికి నెట్‌తో పని లేదుగా."

వదిన పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంది. నిజమే, ఇక్కడ ఆయనా అంతే. మాట అందేది, మొహం చెదిరిపోయేది. ఆయన కత్తిరించకపోయినా తనకు మిగిలేవి మరకలే.

"సరే, ఇకనుంచి ఫొటోలు ఈ కంప్యూటర్లోనే పడేట్టు మార్చనా?"

"వద్దులే, అక్కడికే పోనీ. పాపం, ఆయనకు అవే దిక్కు," అంది వదిన. కీబోర్డు తన ముందుకు లాక్కుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ మొగుడికి మెసేజ్ కొట్టింది.

"ఏమండీ, మీ తెర మూలన గడిలో మీరు తేటగా కనిపిస్తారు కదా. నెట్ రాగానే మాటలు తర్వాత, ముందు ఆ కీ నొక్కండి. నన్ను కోసి పారేసి, ఆ ముక్క నాకు పంపండి. మీ మొహం మర్చిపోతున్నానండీ."