ఆరుసార్లు కడగాల్సిన సీసాలు

సెలవులకి పిన్ని దగ్గరికి వెళ్ళాను. విశ్వవిద్యాలయం జీవరసాయన శాఖలో గాజుసామాను కడగడం ఆమె పని. ఏ గదిలో ఏ పరిశోధన జరుగుతోందో సీసా అడుగున మిగిలిన మురికి చూసి చెప్పేస్తుంది.

"ఈ పచ్చ జిడ్డు ఆకులవాళ్ళది. ఆకు ఎండని ఎలా తింటుందో చూస్తారట. ఈ పులిసిన కంపు పాలవాళ్ళది. ఇవి మాత్రం జాగ్రత్తే! ఎలుక గుండె కణాల్ని పెంచి, వాటికి మందేసి చూసే సీసాలు. ఆ కణాలు కొత్త అల్లుళ్ళలాంటివి, కాస్త తేడా వస్తే అలిగి పడుకుంటాయి. సబ్బు పోయేదాకా మూడుసార్లు కుళాయి నీళ్ళు, మూడుసార్లు శుద్ధి చేసిన నీళ్ళు."

శుద్ధి చేసిన నీళ్ళు చుక్కచుక్కగా దిగుతాయి. డబ్బా నిండడానికి ఒక పూట పడుతుంది. బిందెడు నీళ్ళకి మైలు నడిచినదాన్ని, వాటిని తొట్టిలో పారబోయడానికి నాకు చేతులు రాలేదు. పిన్నికి సాయంగా సీసాలు కడుగుతూ, ఆమె అటు తిరగగానే కుళాయి నీళ్ళు ఒకసారి, ఆ నీళ్ళు ఒకసారి పోసి బోర్లించేదాన్ని.

ఆకులవాళ్ళకీ పాలవాళ్ళకీ ఏమీ కాలేదు. కణాల గదిలో పరిశోధన చేసే అక్క మాత్రం రెండు వారాల్లో సగమైపోయింది.

"మళ్ళీ చచ్చిపోయాయి," అంది పిన్నితో. "మందు వేసినవీ పోయాయి, వేయనివీ పోయాయి. శుక్రవారంలోగా కారణం తేలకపోతే ఈ పని వదిలేయమన్నారు మేడమ్. మూడేళ్ళ కష్టం."

"నీ మొహం చూసి అవీ బెంగ పెట్టుకున్నాయేమో తల్లీ. ముందు ఇంత అన్నం తిను."

నేను రెండేసిసార్లే కడిగి బోర్లించిన సీసాలు గుర్తొచ్చాయి. చెబితే పిన్నికి మాట వస్తుంది. చెప్పకపోతే అక్క మూడేళ్ళు తొట్టిలో కలుస్తాయి.

గురువారం కణాల గది గుమ్మం దాకా మూడుసార్లు వెళ్ళి వెనక్కొచ్చాను. నాలుగోసారి మేడమే చూసి, "ఏమ్మా?" అన్నారు.

"ఆ సీసాలు... నేను సరిగా కడగలేదండీ. నీళ్ళు వృథా అవుతాయని."

అక్క నేను కడిగిన సీసా ఒకటి తీసి, కాసిని నీళ్ళు పోసి గట్టిగా ఊపింది. తెల్లగా నురగ లేచింది.

"సబ్బు!" అక్క కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. "మేడమ్, సబ్బు!"

"అన్నిటినీ అనుమానించాం, కడిగేవాళ్ళని మాత్రం అడగలేదు," అన్నారు మేడమ్. "ఇంకో రెండు వారాలు చూద్దాం."

పిన్నికి అప్పుడే తెలిసిపోయింది. "నీళ్ళు మిగిల్చావే, నా పరువు పారబోశావు!" అని నెత్తిన ఒక మొట్టికాయ వేసింది. తర్వాత కొంగు బిగించి నా పక్కనే నిలబడింది. ఆ గది సీసాలన్నీ మళ్ళీ కడిగాం. ప్రతి సీసాకీ ఆరుదాకా పైకి లెక్కపెట్టించింది.

వారం తర్వాత అక్క నన్ను పిలిచి సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టింది. సీసా అడుగున చిన్న చిన్న కణాలు. ఒకటి కదిలింది. దాని పక్కది కూడా. కొట్టుకుంటున్నాయి.

"అల్లుళ్ళ అలక తీరిందా?" తొట్టి దగ్గర్నుంచి పిన్ని కేకేసింది.

"తీరింది!" అన్నాను. అంత గట్టిగా అరిచింది నేనేనా అని నాకే సిగ్గేసింది.