చూడాల్సినవాడు

ఇన్‌స్పెక్టర్ కుర్చీలోనే మోకాలికి మందు రాసుకుంటూ, గుమ్మంలో నిలబడ్డ మేస్త్రీకి పని పురమాయించాడు.

"మార్కెట్ వెనక గోడ బీటలిచ్చిందట. ఓసారి చూసొచ్చెయ్."

"మీరు రారా సార్?"

"నీ కళ్ళైతేనేం, నా కళ్ళైతేనేం?"

మేస్త్రీ తల గోక్కుంటూ మెట్లు దిగాడు.

పురపాలక కార్యాలయంలో ఇన్‌స్పెక్టర్ ఉద్యోగమంతా 'కమిషనర్ తరఫున' అని సంతకాలు పెట్టడంతోనే గడిచిపోయింది. "మన పెళ్ళప్పుడు కూడా ఎవరి తరఫునో పెట్టే ఉంటారు" అని భార్య ఏడిపించేది. కిందటేడు కౌన్సిల్ తీర్మానం చేసింది. ప్రమాదకరమైన కట్టడాలను ఖాళీ చేయించే అధికారం ఇకపై ఇన్‌స్పెక్టర్‌దే. అయితే స్వయంగా చూసి తేల్చాలి, ఇంకొకరికి అప్పగించకూడదు. ఆ సాయంత్రం అతను మిఠాయి పొట్లంతో ఇంటికెళ్ళాడు. మొదట్లో ప్రతి గోడనూ వేళ్ళతో తట్టి, చెవి ఆనించి మరీ చూశాడు. తర్వాత మోకాలు మొరాయించింది. దానికి బద్ధకం తోడైంది.

మధ్యాహ్నం మేస్త్రీ వచ్చి, "పైపై బీటలే సార్, పరవాలేదు" అన్నాడు. ఇన్‌స్పెక్టర్ 'స్వయంగా పరిశీలించాను' అని రాసి, సంతకం పెట్టి, క్యారేజీ మూత తీశాడు.

సాయంత్రం వానకు గోడ సగం కూలింది. దాని పక్కన కూర్చుని గొడుగులు బాగుచేసే ముసలాయన ఇటుకల కింద చిక్కుకుపోయాడు.

"ఎవరు చూశారు ఆ గోడ?" కమిషనర్ అడిగాడు.

"మేస్త్రీ చూశాడండీ."

మాట బయటపడగానే ఇన్‌స్పెక్టర్ చెవులు వేడెక్కాయి. పక్కనే ఉన్న మేస్త్రీ తన చేతులకేసి చూసుకున్నాడు. ఇటుకలు లాగి లాగి అతని గోళ్ళు చిట్లి ఉన్నాయి.

"అధికారం మీకిచ్చాం. అతనికెవరిచ్చారు?"

కమిషనర్ గొంతు పెంచలేదు. అరిచినా బాగుండేది.

"నేను వెళ్ళలేదండీ" అన్నాడు ఇన్‌స్పెక్టర్, బల్ల అంచు పట్టుకుని. "చూశానని రాశాను. ఇతని తప్పేం లేదు."

మేస్త్రీ అప్పుడూ అతని వంక చూడలేదు.

ఆస్పత్రి వరండాలో ముసలాయన కూతురు బల్ల మీద ఒదిగి కూర్చుని ఉంది.

"మీరెవరండీ?"

"ఆ గోడ చూడాల్సినవాణ్ణమ్మా."

ఆమెకు అర్థం కాలేదు. కాస్త జరిగి చోటిచ్చింది. అతను కూర్చోలేకపోయాడు. ఇంతలో నర్సు తలుపు తెరుచుకుని వచ్చి, ఆమె భుజం మీద చెయ్యి వేసి ఏదో మెల్లగా చెప్పింది. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. ఇన్‌స్పెక్టర్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

ఇంటికి వెళ్తూ మార్కెట్ వెనక ఆగాడు. వాన వెలిసింది. మిగిలిన సగం గోడకు దిగ్గొట్టిన మేకుకు, కొత్త పుల్ల వేసి కుట్టిన ఎవరిదో పూల గొడుగు, ముడుచుకుని, చివరినుంచి బొట్టుబొట్టుగా నీళ్ళు కారుస్తూ వేలాడుతోంది.