గోరువెచ్చని నీళ్లలో పురుగులు

ఆ రోజు ఇంట్లో నాయనమ్మ, అక్క, వదిన, నేను ఉన్నాం. అమ్మానాన్నలు పొలం వెళ్లారు. వదినంటే మా మేనమామ కూతురు. నాకంటే కొంచెం పెద్దది. నాకు నోట్లో నాలుక లేదంటారు. నా వాటా కూడా ఆమెకే వచ్చినట్టుంది.

అక్క ల్యాబ్‌లో మేకల పురుగుల మీద పరిశోధన చేస్తుంది. మేక కడుపులోకి చేరగానే పురుగులో కొన్ని జన్యువులు మేల్కొంటాయట, కొన్ని నిద్రపోతాయట. పురుగు బతకడానికి తప్పక మేల్కోవలసిన జన్యువేదో తెలిస్తే, దాన్ని లేవనివ్వని మందు చేయవచ్చు. మా మేకలకు పాత మందులు పనిచేయడం మానేశాయి.

"సెలవుల్లో ఒక్కరినే ల్యాబ్‌కి తీసుకెళ్లగలను. ఎవరి చెయ్యి కుదురుగా ఉంటే వాళ్లని," అంది అక్క పొద్దున. ఆ మాట కోసం నేను ఎన్నాళ్లుగానో కాచుకుని ఉన్నాను. వదినేమో నిన్నటిదాకా పురుగంటే ముక్కు మూసుకునేది.

అక్క మాంసం కొట్టు నుంచి తెచ్చిన రెండు మేక పొట్టల్లో ఒకదాన్ని కోసింది. ఎర్రటి దారాల్లాంటి పురుగుల్ని వదిన పట్టకారుతో తీసి, గోరువెచ్చని ఉప్పునీళ్ల సీసాలో వేసింది. ఒక్కటీ తెగలేదు.

"అబ్బ, ఏం చెయ్యే నీది," అంది అక్క.

"పురుగులు నా మాట వింటాయి. మరదలా, నువ్వు కూడా వాటితో మాట్లాడి చూడు, వాటికైతే జవాబు చెప్పక్కర్లేదుగా."

అక్క నవ్వింది. పొరుగింటి పుల్లకూర రుచి అని నాయనమ్మ ఊరికే అనదు. నాకు కడుపు మండింది.

అక్క ఫోన్ మాట్లాడటానికి బయటికి వెళ్లింది. వదిన సీసాను వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టి, చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లింది. మా ఇంట్లో మాంసం కొట్టు నుంచి ఏది వచ్చినా వెంటనే ఫ్రిజ్‌లోకే పోవాలి, లేకపోతే నాయనమ్మ ఊరుకోదు. వదినకు ఆ మాత్రం తెలియదనుకున్నాను. సీసా తీసి ఫ్రిజ్‌లో పెట్టాను. అక్క వచ్చి మెచ్చుకుంటుందని అక్కడే నిలబడ్డాను.

"సీసా ఏది?"

"చెడిపోకుండా ఫ్రిజ్‌లో పెట్టానక్కా."

అక్క సీసా తీసి వెలుతురులో పట్టుకుంది. పురుగులు ముడుచుకుపోయి కదలడం లేదు.

"చలి తగిలితే వీటి జన్యువుల తీరే మారిపోతుంది. ఇప్పుడివి మేక కడుపులో పురుగులు కావు, ఫ్రిజ్‌లో పురుగులు. వీటిని చూసి మందెలా చేస్తాం?"

"పోనీలెండి వదినా, ఇంకో పొట్ట ఉందిగా," అంది వదిన అక్కతో. నా తరఫున మాట్లాడింది. అది మరీ భరించలేకపోయాను.

అక్క నన్ను తిట్టలేదు. రెండో పొట్ట తీసుకుని గదిలోకి నడిచింది. వదిన వేడినీళ్ల గిన్నెతో వెనకే వెళ్లింది. నేను గడప దాకా వెళ్లాను.

"సెలవులకి బట్టలు సర్దుకోవే," అని అక్క వదినతో అంటోంది. నన్ను చూసి మాట మార్చింది. "ముందా తలుపు వెయ్యి. చల్లగాలి వస్తోంది."

వదిన చేతుల్లో గిన్నె ఉంది. నా వైపు చూడకుండా, మోచేత్తో తలుపు మూసింది.