కొత్త గుడ్డ వద్దంది

మా ఆవిడ బట్టల ఫ్యాక్టరీలో చెకింగ్ పని చేసేది. కుట్టు వంకర పోయిందా, గుండీ వదులుగా ఉందా, జేబు కిందికి దిగిందా అని బల్ల మీదికి వచ్చిన ప్రతి గుడ్డనూ తిరగేసి చూడాలి. తప్పు ఉన్నచోట ఎర్ర కాగితం అంటించాలి. నేను లాండ్రీలో ఇస్త్రీ చేస్తాను. పొద్దున షట్టరు ఎత్తింది మొదలు సాయంత్రం దించేదాకా ఆవిరి పెట్టె నా చేతిలోనే ఉంటుంది. ఇద్దరం పగలంతా ఎవరెవరి బట్టలతోనో కుస్తీ పట్టి ఇంటికి చేరేవాళ్ళం. మా ఒంటి మీద ఏముందో చూసుకునే ఓపిక ఉండేది కాదు.

ఒకరోజు ఆమెను ఫ్యాక్టరీ వెనక షెడ్డుకు పంపారు. అమ్ముడుపోక తిరిగి వచ్చిన సరుకు అక్కడ అట్టపెట్టెల్లో గుట్టలుగా ఉంది. చేతికి పెద్ద కత్తెర ఇచ్చి, ఒక్కోటీ తీసి నడుం దగ్గర అడ్డంగా కత్తిరించమన్నారు. చెత్తలో పడేశాక ఎవరూ ఏరుకుని తొడుక్కోకూడదట. కంపెనీ పేరు పలచనైపోతుందట. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి చేతులు కడుక్కుంది. తుడుచుకుని మళ్ళీ కడుక్కుంది.

"ఏంటే, ఏమైంది?" అన్నాను.

"ఇవాళ కత్తెర పని ఇచ్చారు."

"కటింగుకి మార్చారా? అయితే జీతం పెరిగినట్టే. స్వీటు ఏది?"

"కటింగు కాదయ్యా. కుట్టినవే. కొత్తవే. మీద చీటీ కూడా ఊడలేదు. పిల్లల కోట్లున్నాయి అందులో. వాటి గుండీలు నేనే లాగి లాగి చూశా, ఊడిపోతాయేమోనని."

నేను నవ్వి ఊరుకున్నాను. ఆమె ఆ పూట ఏమీ తినలేదు.

అప్పటినుంచి ఆమె తన కోసం కొత్త గుడ్డ కొనలేదు. ఊరందరికీ చాటలేదు, ఎవరికీ నీతులు చెప్పలేదు. కొనడం మానేసింది, అంతే. అంతకుముందు పొద్దున్నే లేచి కిటికీ దగ్గర కళ్ళు మూసుకుని కాసేపు కూర్చునేది. పటం లేదు, పుస్తకం లేదు. ఆమె, ఆమె దేవుడు. ఇప్పుడు అదే కిటికీ దగ్గర, అదే వేళకు, ఒళ్ళో చిరుగుల బట్ట వేసుకుని సూది పట్టుకుంది.

"కళ్ళు మూసుకుంటే ఆ కోట్లే కనిపిస్తున్నాయి," అంది నేనడిగితే. "సూది పట్టుకుంటే ఆయన పక్కన వచ్చి కూర్చున్నట్టుంటుంది."

"ఆయనకి చొక్కా ఉందా? ఉంటే ఇస్త్రీకి పంపమను."

"నీ బనీను చూస్తే లేచి పారిపోతాడు. ముందది విప్పు. ఆ చంక చూడు, ఎలుక కొరికినట్టు."

ఈ మధ్య లాండ్రీకి వచ్చే బట్టల్లో కొన్నింటికి లోపలివైపు ఆకు బొమ్మ ఉంటోంది. భూమిని కాపాడే బట్టలట. వాటిని తెచ్చే అమ్మగార్లు కారు దిగకుండానే సంచీ అందిస్తారు. ఆ బట్టకు ఒక్క ఉతుకు పడకముందే ఇంకో ఆకు బొమ్మ కొంటారు. మా ఆవిడ బట్టలకు ఆకు బొమ్మ ఉండేది కాదు, మోచేతుల దగ్గర అతుకులుండేవి. వీధిలో వాళ్ళు మాకు గడవడం లేదనుకున్నారు. అనుకోనీ, అనేది ఆమె. అలా అనడం నాకు చేతకాలేదు. నా భార్యను చూసి జాలిపడిన ప్రతి మొహమూ నాకు గుర్తుంది.

అందరికంటే ఎక్కువ మండింది వాళ్ళన్నకు. ఆయనకు రెడీమేడ్ బట్టల కొట్టు ఉంది. వచ్చినప్పుడల్లా చేతిలో కవరు ఉండేది. వెళ్ళేటప్పుడు అదే కవరు మా ఆవిడ మళ్ళీ ఆయన చేతిలో పెట్టేది.

"బావా, మా చెల్లెల్లాంటి వాళ్ళు వీధికొకరుంటే చాలు. నేను కొట్టు మూసేసి వచ్చి నీ పక్కన నిలబడి నీళ్ళు చల్లుకోవాలి," అనేవాడు.

"రా బావా. బల్ల ఖాళీగానే ఉంది," అనేవాణ్ణి.

నవ్వేవాడు గానీ, చెప్పులు తొడుక్కుంటూ ఒకసారి మెల్లగా అన్నాడు: "ఊళ్ళో వాళ్ళంతా నా కొట్లో బట్టలు వేసుకుని తిరుగుతారు. తోడబుట్టింది మాత్రం ముట్టదు. నేనేం పాపం చేశాను బావా?" ఆయన భార్యను నేను అక్కా అని పిలుస్తాను. భారీ మనిషి, మంచి పొడగరి. కొట్టుకు కొత్త సరుకు దిగిందంటే ముందు ఆమె ఒంటి మీదే చూడాలి. ఆమె పక్కన మా ఆవిడ నిలబడితే షోరూము అద్దం పక్కన గోడ మేకులా ఉండేది.

పోయిన చలికాలం మా ఆవిడకు కడుపులో నొప్పి మొదలైంది. ఆ నొప్పికి పేరు తెలిసేసరికి చేయడానికి ఏమీ మిగల్లేదన్నారు. ఇంట్లో ఉంటే నొప్పి ఆగదని ఆసుపత్రిలోనే ఉంచారు. ఒక మధ్యాహ్నం, పక్క మంచం ఆవిడ కునుకు తీస్తుండగా, నన్ను దగ్గరికి జరగమంది.

"నేను పోయాక అన్నయ్య కొత్త బట్ట తెస్తాడు. తేకుండా ఉండడు."

"ఇప్పుడెందుకే ఆ మాటలు?"

"ఇప్పుడు కాకపోతే పోయాక లేచొచ్చి చెప్పనా? విను. నా ఒంటి మీద కొత్తది వేయనివ్వకు. ఆ నీలం గౌను వెయ్యి. నేను తొడుక్కుని తొడుక్కుని అరగదీసినదాంట్లోనే పోతా. మట్టిలో కలిపేదానికి కొత్త గుడ్డ పాడు చేయడమేంటి?"

"సరేలే."

"సరేలే కాదు. పైన ఆయన ముందు నిలబడి చెప్పుకోవడానికి నా దగ్గర ఇంకేం లేదయ్యా. మొక్కులు తీర్చలేదు, దానాలు చేయలేదు. నా వల్ల ఒక్క గుడ్డ వృథా పోలేదు అని ఒక్కటే చెప్పుకుంటా. ఆ ఒక్కటీ చెడగొట్టకు."

నన్ను ఆమె ఏదైనా అడిగింది చాలా తక్కువ. ఇది జరిపించి తీరాలనుకున్నాను. గౌను పట్టుకురా, కుట్లు ఎక్కడైనా వదిలాయేమో చూసుకుంటా, అంది.

నీలం అన్నది పేరుకే. ఉతికి ఉతికి మబ్బు రంగుకు తిరిగింది. దాన్ని లాండ్రీకి తీసుకెళ్ళి, ఊరందరి బట్టలూ పక్కకు నెట్టి, ముందు ఆమెది బల్ల మీద పరిచాను. మడత నలగకుండా ఆమె చేతిలో పెట్టాలని నా ఆశ. నూలు బట్టకు పెట్టే వేడి పెట్టి తోశాను. నడుం పక్కన ఆమె పాత గొడుగు గుడ్డతో అతుకు వేసి ఉంది. గొడుగు గుడ్డ నైలాను. వేళ్ళతో ఒక్కసారి తడిమి ఉంటే తెలిసేది. మనసు ఆసుపత్రిలో ఉంది, వేళ్ళు మాత్రం ఏం చేస్తాయి. పెట్టె కింద ఆ అతుకు ముడుచుకుని, కరిగి, అంటుకుపోయింది. పెట్టె ఎత్తేసరికి చుట్టూ ఉన్న నూలు గుడ్డ కూడా దాంతోపాటే ఊడి వచ్చింది. అరచేయి పట్టేంత కంత.

అలాగే తీసుకెళ్ళాను. ఆమె ఆ కంతలోంచి చేయి దూర్చి, అవతలి వైపు వేళ్ళు ఆడించింది.

"మా ఆయన పనేనా ఇది? ఇన్నేళ్ళు పరాయోళ్ళ చొక్కా ఒక్కటి కాల్చలేదన్నావు. అంతా నాకోసం దాచిపెట్టావా?"

నాకు ఏడుపు ఆగలేదు.

"ఏడిస్తే అతుక్కోదు గానీ, నా సంచీలో సూది ఉంది, తియ్యి."

ఆమె ఒక చేతికి సెలైను, రెండో చేయి వణుకుతోంది. నువ్వే కుట్టు, అంది. సూదిలో దారం ఎక్కించడం నాకు రాలేదు. పక్క మంచం ఆవిడ లేచి ఎక్కించి ఇచ్చింది. అతుకుకు నా చెమట తువ్వాలు చింపాను. అది పసుపు రంగుది.

"నీలం మీద పసుపా! బాగుంది. ఏ దేశం జెండా అని అడుగుతారు," అంది మా ఆవిడ. తర్వాత నా వేళ్ళనే చూస్తూ పడుకుంది. "గట్టిగా లాగకు. దారం గుడ్డ మీద ఊరికే కూర్చోవాలి. పాత గుడ్డ అది, దానికి ఊపిరాడాలి."

"ఊడిపోతే?"

"ఊడితే మళ్ళీ కుట్టుకోవచ్చు. బిగిస్తే పక్కన చిరుగుతుంది. ఆ చిరుగు ఇంక అతకదు."

"కుట్టేటప్పుడు నువ్వు లోపల ఏదో అనుకుంటావుగా. అదేంటో చెప్పు, నేనూ అనుకుంటా."

"ఏమీ అనుకోను. దీన్ని ఎవరో నేశారు, ఎవరో కుట్టారు. ఎక్కడున్నారో, తిన్నారో లేదో. వాళ్ళు గుర్తొస్తారు. అంతే."

నేను ప్రయత్నించాను. నాకు ఆమె తప్ప ఎవరూ గుర్తురాలేదు.

నర్సు వచ్చి సూదిమందు ఇచ్చాక ఆమెకు నిద్ర పట్టింది. అతుకుకు ఒక పక్క మిగిలింది. ఊడితే మళ్ళీ కుట్టుకోవచ్చన్నది ఆమె. మళ్ళీ కుట్టే వేళ మాకు ఎక్కడుంది? ఆమె మొహం చూస్తే భయమేసింది. దారం రెండు పేటలు చేసి, బిగించి లాగి, ముడి మీద ముడి వేశాను. అది ఊడకపోతే ఆమె కూడా ఉంటుందన్నట్టు వేశాను.

లేచాక వేలితో అతుకు చుట్టూ తడిమింది. చివరి పక్కకు వచ్చేసరికి ఆ వేలు కాసేపు ఆగింది.

"పర్లేదు," అంది. "లాండ్రీలో తీసేసినా గోనెసంచులు కుట్టి బతుకుతావు."

ఆ వారం దాటలేదు. ఒక పొద్దున, నేను ఆమె కాళ్ళ మీద దుప్పటి సర్దుతుండగానే ఊపిరి ఆగింది.

ఇంటికి తెచ్చాం. బావా అక్కా వెంటనే వచ్చారు. బావ చేతిలో కవరు ఉంది. దారిలో కొట్టు తెరిచి తెచ్చాడు.

"బావా, ఈ ఒక్కసారి కాదనకు. చెల్లెలి కొలతకి ఏరి ఏరి తెచ్చాను."

"వద్దంది బావా. నా దగ్గర మాట తీసుకుంది."

"బతికున్నప్పుడు పంతం పట్టింది, నేనూ సర్దుకున్నా. ఇప్పుడు దానికేం తెలుస్తుంది? ఆ అతుకుల గౌనులో పంపితే బిచ్చగత్తెని పంపినట్టుండదా? నేను బట్టల కొట్టు పెట్టుకుని..."

ఆయన కాలరు పట్టుకున్నాను. కొత్త చొక్కా, ఇంకా బిరుసు పోలేదు. ఆయన నన్ను నెట్టలేదు. ఇద్దరం అలాగే పట్టుకుని ఏడ్చాం. అక్క మధ్యకు వచ్చి నా భుజం మీదున్న నీలం గౌను తీసుకుంది.

"నేను తొడుగుతా తమ్ముడూ. మీరిద్దరూ బయటికి నడవండి."

పక్కింటి ఆడవాళ్ళు ఇద్దరు అక్క వెంట లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు. నీళ్ళ చప్పుడు వినిపించింది. ఆ తర్వాత గుడ్డ చిరిగిన చప్పుడు. బతుకంతా గుడ్డల మధ్య గడిపినవాణ్ణి, ఆ చప్పుడు ఎవరూ నాకు విడమరిచి చెప్పక్కర్లేదు.

అక్క తలుపు ఓరగా తెరిచింది. గౌను ఆమె చేతిలో ఉంది.

"మెల్లగానే తొడిగాం తమ్ముడూ. చేతులు బిగుసుకుపోయాయి, వంగడం లేదు. నీ కుట్టు పక్కనుంచి చంక దాకా పోయింది." చేతిలోని గుడ్డను చూసి మళ్ళీ అంది. "కుట్టు మాత్రం ఊడలేదు."

బావ కవరు ముందుకు చాపాడు. గెలిచానన్న మొహం కాదు అది. నేను వద్దనాలి. వద్దని ఏం వేయమనాలి? ఇంట్లో ఆమెవి ఇంకో రెండు ఉన్నాయి, రెండూ ఇంతకంటే నీరసం గుడ్డలు. నా చేయి కవరు వైపు వెళ్ళింది.

"ఆగు," అంది అక్క. "కొత్తది వద్దంది. పాతది, తనదే కావాలని ఏం అనలేదుగా?"

"నీలం గౌను వెయ్యమంది."

"అది పట్టుకుంటేనే చిరుగుతోంది, ఏం చేస్తాం. నాది వేస్తా. పొద్దున కబురు రాగానే ఒంటి మీదున్న దాంతోనే వచ్చేశా. పొయ్యి దగ్గర వేసుకునేది, అరిగిపోయిందే. చూడు." కొంగులా ముందుకు లాగి చూపించింది. నిజమే. ఎప్పుడూ కొత్త బట్టల్లో కనిపించే మనిషి, ఆ రోజు ఏం వేసుకుందో నేను అప్పటిదాకా చూడనే లేదు. తర్వాత మొగుడి వైపు తిరిగింది. "అదిటివ్వండి. నేను తొడుక్కుంటా."

"అది చెల్లెలి కొలతే," అన్నాడు బావ. "నీకు పట్టదు."

"పట్టినంతే పడుతుంది. ఇవ్వండి."

తలుపు మళ్ళీ వేసుకుంది. బావ మెట్టు మీద కూలబడ్డాడు. ఆయన పక్కన నేనూ కూర్చున్నాను. "చెల్లెలికి కోపం రాదుగా బావా?" అని అడిగాడు. చిన్నపిల్లాడు అడిగినట్టు అడిగాడు. నాకు ఆయన మీద ఉన్న కోపమంతా ఎటుపోయిందో తెలియదు. దేవుడి మీద ఉన్నది మాత్రం ఎక్కడికీ పోలేదు. ఒక్క గౌను అడిగింది ఆమె. తన దగ్గరికి ఇంత అరిగిన గుడ్డతో వస్తానన్న మనిషికి, ఒక గంట నిలబడే బలం ఆ గుడ్డకు ఇస్తే ఆయన సొమ్మేం పోయింది?

అక్క బయటికి వచ్చింది. కొత్త గౌను వీపు మీద మూసుకోక, పైన మా ఇంటి దుప్పటి కప్పుకుంది. చేతి దగ్గర కొట్టు చీటీ ఇంకా వేలాడుతోంది. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. నీలం గౌను మడతపెట్టి ఆమె తల కింద ఉంచామని చెప్పింది.

లోపలికి వెళ్ళాను. మాట నిలబెట్టావు నాయనా, అంది పక్కింటి పెద్దావిడ. నిలబెట్టింది నేను కాదు. నేను అడ్డంగా తల ఊపినా ఆవిడకు అర్థం కాలేదు.

అక్క గౌను ఆమెకు బాగా పొడుగు. అంచు పాదాలు దాటి కిందికి జారింది. బయల్దేరేముందు ఒక్కసారి ఆ పాదాలు చూడాలనిపించింది. అంచు కొంచెం పైకి మడవమని అడుగుదామని నోరు తెరిచాను. అప్పటికే ఎత్తేశారు.